చెవిటి సామ్లీ, రైలు బజారు

ఆ పిల్లికి చెవులు వినపడవన్న సంగతి సాయ్‌పిన్‌కి ఒక ఎండు కొబ్బరికాయ వల్ల తెలిసింది.

పిల్లికూన ఇంటికొచ్చి పట్టుమని నెల కాలేదు. బెల్లం వండే పాక పక్కన, రేకు కింది నీడలో ముడుచుకుని నిద్రపోతోంది. పైనున్న చెట్టు నుంచి కాయ తెగి దబ్బున రేకు మీద పడింది. పొయ్యి దగ్గర పాకం కలుపుతున్న సాయ్‌పిన్ చేతిలోంచి తెడ్డు జారిపోయింది. అరుగు మీద వక్కాకు నములుతున్న అత్తగారు గుండె పట్టుకుంది. కాలవ గట్టున మేస్తున్న కోళ్ళు తలో దిక్కుకీ పరుగెత్తాయి. పిల్లి మాత్రం కదల్లేదు. తోక కొసైనా ఆడలేదు.

చచ్చిపోయిందేమో అనుకుంది సాయ్‌పిన్. పరుగున వెళ్ళి చెయ్యి వేసింది. వేయగానే అది ఎగిరిపడి లేచింది. ఒక కన్ను నీలం, ఒక కన్ను పసుపు, రెండూ ఇంతలేసి చేసుకుని చూసి, మనిషిని పోల్చుకుని, హాయిగా ఆవులించింది.

సాయ్‌పిన్ పాకలోకి వెళ్ళి మూత, గరిటె తెచ్చింది. పిల్లి వెనక నిలబడి టంగుమని కొట్టింది. పిల్లి ఒళ్ళు నాక్కుంటోంది. మళ్ళీ కొట్టింది. అది తీరిగ్గా రెండో కాలు అందుకుంది.

"ఏంటే ఆ మోత?" కొబ్బరిచెట్టు మొవ్వులోంచి మొగుడు ప్రయూన్ కేకేశాడు. పూతగెల కోసి, బెల్లానికి కావాల్సిన తియ్యటి నీరు పట్టడానికి గొట్టం కడుతున్నాడు.

"పీ, తొందరగా దిగిరా." మొగుణ్ణి ఆమె పీ అనే పిలుస్తుంది, ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరిలాగే. "దీనికి చెవుడు. ఇన్నాళ్ళూ సామ్లీ, సామ్లీ అని గొంతు పోయేలా పిలుస్తుంటే పొగరనుకున్నా. పాపం దానికి వినపడితేగా."

సామ్లీ అంటే థాయ్‌లో దూది. అత్తగారు అరుగు మీంచే నవ్వింది. "బాగుంది. చెవుల్లేనిదానికి మళ్ళీ ఇంత ముద్దు పేరు."

పిల్లిని ఇచ్చింది కాలవ అవతలి వినై పెదనాన్న. రెండు రంగుల కళ్ళున్న తెల్లపిల్లుల్ని పెంచడం ఆయన సరదా. అలాంటి మేలుజాతి కూనని ఊరికే చేతిలో పెట్టినప్పుడే అనుమానం రావాల్సింది. సాయంత్రం సాయ్‌పిన్ పడవ వేసుకుని వెళ్ళింది.

"పెదనాన్నా, చెవిటిదని తెలిసే నాకు అంటగట్టావు కదూ?"

"తెలిసే ఇచ్చాను," అన్నాడాయన ఏమాత్రం తడుముకోకుండా. "నీలికన్ను తెల్లపిల్లుల్లో ఇలాంటివి పుడుతూనే ఉంటాయి. సరదాగా కొనుక్కునేవాళ్ళ చేతిలో పెడితే వారంలో వీధిలో వదిలేస్తారు. వీధిలో అది బతకదు. కుక్కొచ్చినా వినదు, మోటారు పడవొచ్చినా వినదు. నీ చెయ్యి మంచిదని నీకిచ్చా. వద్దంటే తెచ్చెయ్యి."

"తెస్తానని ఎవరన్నారు?" అని గిర్రున పడవ తిప్పేసింది సాయ్‌పిన్.

ప్రయూన్‌కి మాత్రం భయం పట్టుకుంది. భయం న్యాయమైందే. వాళ్ళ పాకలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పెద్ద పెద్ద మూకుళ్ళలో పాకం కుతకుత ఉడుకుతూ ఉంటుంది. మామూలు పిల్లి అయితే ఒక్క అదిలింపుతో పారిపోతుంది. ఇది ఎవరదిలిస్తే పారిపోతుంది?

"నేర్పుతాను," అంది సాయ్‌పిన్.

"పిల్లికా?"

"పిల్లికే."

"కుక్కయితే నేర్చుకుంటుంది," అంది అత్తగారు. "పిల్లికి నువ్వు నేర్పడం ఏంటి సాయ్. నీకే అది నేర్పి పెడుతుంది, ఎప్పుడు చేప తేవాలో, ఎప్పుడు తలుపు తియ్యాలో."

సాయ్‌పిన్‌కి అప్పటికి ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో ఒక్క ముక్క తెలీదు. పిలిస్తే వినని ప్రాణిని తనవైపు ఎలా తిప్పుకోవాలి? రెండు రోజులు అదే ఆలోచన. అన్నం వార్చేటప్పుడు అదే, పాకం ముద్దలు అచ్చుల్లో పోసేటప్పుడు అదే. మూడో రోజు పొద్దున ప్రయూన్ కావడి భుజాన వేసుకుని మెట్లెక్కుతున్నాడు. నీళ్ళ మీద స్తంభాలెత్తి కట్టిన చెక్క ఇల్లది. అతని బరువుకి గది చెక్కలు కిర్రుమని వణికాయి. మూల నిద్రపోతున్న సామ్లీ తల ఎత్తి సరిగ్గా గుమ్మం వైపు చూసింది.

సాయ్‌పిన్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"పీ, కిందికెళ్ళి మళ్ళీ ఎక్కు."

"దేనికి?"

"అడక్కు. ఎక్కు. గట్టిగా అడుగులెయ్యి."

పాపం అతను కావడితో సహా దిగి మళ్ళీ ఎక్కాడు. పిల్లి మళ్ళీ తల ఎత్తింది. దానికి చెవులు లేకపోతేనేం, పాదాలున్నాయి. చెక్క వణికితే దాని పాదాలకి తెలుస్తోంది. సాయ్‌పిన్ ఆ రోజు పాకం ఎంత చిక్కబడిందో కూడా చూసుకోలేదు, పనంతా మొగుడి మీద వదిలేసింది.

అప్పట్నుంచి మొదలైంది నేర్పడం. అన్నానికి ముందు, పిల్లి ఆకలి మీద ఉన్నప్పుడు, కాలితో చెక్క మీద ధన్ ధన్‌మని రెండు దెబ్బలు. అది తిరిగి చూడగానే ఆవిరి మీద ఉడికించిన కానాగంత చేపలోంచి చిటికెడు ముక్క. చూడకపోతే ముక్క లేదు, తిట్టూ లేదు. దానికి విసుగు పుట్టకముందే ఆట ఆపేయడం. కోప్పడితే పిల్లి నేర్చుకోదు సరికదా, ఆ మనిషినే తప్పించుకు తిరుగుతుందని ఆమెకి రెండో రోజే అర్థమైంది.

"ఇల్లు కూలుస్తావా ఏంటే?" అని అత్తగారు గోల. ప్రతి దెబ్బకీ ఆవిడ వక్కాకు పెట్టె చెక్కల మీద ఎగిరి పడుతోంది. "మీ కోడలు నాటకంలో వేషం కట్టిందా, పొద్దస్తమానం చిందులేస్తోంది అని ఎదురింటోళ్ళు అడుగుతున్నారు. ఏం చెప్పను?"

"పిల్లికి పాఠం చెబుతోందని చెప్పమ్మా," అంది సాయ్‌పిన్.

"చెబితే నాకు మతి పోయిందనుకుంటారు."

అడుగు దెబ్బకి చూడటం వచ్చాక చేతిసైగలు. రెండు అరచేతులూ గుండెకేసి లాక్కుంటే రమ్మని. అరచెయ్యి ఎదురుగా పెడితే ఆగమని. ఆగడం సామ్లీకి ఒంటబట్టలేదు. రమ్మనడం మాత్రం ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వచ్చేసింది. అది వసారా చివర కూర్చుని, కింద కాలవలో ఈదుతున్న ఉడుముని కన్నార్పకుండా చూస్తోంది. చేప ముక్క కన్నా ఉడుమే దానికి ముద్దు. సాయ్‌పిన్ ఆశ లేకుండానే కాలితో తట్టింది. తల తిరిగింది. చేతులు గుండెకి లాక్కుంది. పిల్లి ఒకసారి ఉడుముని చూసింది, ఒకసారి సాయ్‌పిన్‌ని చూసింది. లేచింది. నెమ్మదిగా నడిచి, నడక పరుగయ్యి, పరుగు గెంతయ్యి, వచ్చి ఒళ్ళో పడింది.

సాయ్‌పిన్ దాన్ని చంకనేసుకుని చెట్ల కిందికి పరుగెత్తింది. ఏ చెట్టు మీద ఉన్నాడో తెలీక, "పీ, వచ్చింది, పిలిస్తే వచ్చింది," అని తోటంతా తిరిగి చెప్పింది. ప్రయూన్ దిగొచ్చి తనూ పిలిచి చూశాడు. చేతులు గుండెకి లాక్కున్నాడు, కడుపుకి లాక్కున్నాడు, చివరికి దణ్ణం కూడా పెట్టాడు. పిల్లి అతన్ని ఎగాదిగా చూసి వెళ్ళి అత్తగారి ఒళ్ళో పడుకుంది. ఆవిడ నవ్వలేక దగ్గింది.

అదొక్కటే కాదు, ఇంటి తీరే మారింది. నిద్రలో ఉంటే దాన్ని ముట్టుకునేముందు పక్కన చెక్క మీద చెయ్యి ఆనించాలని ముగ్గురికీ అలవాటైంది, ఉలిక్కిపడి గీరకుండా. ప్రయూన్ వసారా పొడుగునా వెదురు తడిక అల్లాడు. పాక గుమ్మానికి చిన్న తలుపు పెట్టాడు. తెల్లచెవులు ఎండకి కందిపోతున్నాయని అత్తగారు తన పాత లుంగీ చింపి కిటికీకి తెర వేసింది. దొడ్డికి కొబ్బరిపీచు పొట్టు నింపిన పళ్ళెం. ఎదురింటామె పాలు తెస్తే, "వద్దు, కడుపు పాడవుతుంది," అని అత్తగారే వెనక్కి పంపించింది.

సూది మందు వేయించాల్సిన రోజొచ్చింది. పశువుల డాక్టరమ్మ ఉండేది మేక్లాంగ్ ఊళ్ళో, రైలు బజారుకి అవతల. సాయ్‌పిన్ పొద్దున్నే మూత బుట్టలో చేప ముక్క వేసి, సామ్లీ దూరగానే మూత బిగించేసింది. బుట్టలో ఉండటం దానికి ముందుగా అలవాటు చేయలేదు. అది తప్పేనని పడవెక్కాక, లోపల్నుంచి గోళ్ళ చప్పుడు వింటుంటే తెలిసింది. అప్పటికి సగం దూరం వచ్చేసింది.

రైలు బజారంటే పట్టాల మీద బజారే. పట్టాలకి అటూ ఇటూ, ఆనుకుని మరీ కూరలు, రొయ్యలు, చేపలు, మిరపకాయలు. పైన పరదాలు. రైలొచ్చేముందు మైకులో చెబుతారు. పరదాలు వెనక్కి ముడుస్తారు, తట్టలు లాక్కుంటారు. రైలు వెళ్ళగానే మళ్ళీ పరిచేస్తారు. చిన్నప్పట్నుంచీ ఆ దారిన నడిచిన సాయ్‌పిన్‌కి రైలంటే బెదురు లేదు. తట్టల మధ్య ఫోన్లు పట్టుకుని నిలబడే విదేశీయుల గుంపే ఇబ్బంది.

కానాగంతలమ్మే కిమ్ అక్క ఆమెని చూసి పిలిచింది. "బుట్టలో ఏంటే, కోడా?"

"మా పిల్లి. సూదికి."

"చెవిటిదా? నువ్వు చిందులేసి పిలిచేది? చూపించు, చూపించు."

"తీస్తే దూకుతుంది అక్కా, తిరిగొచ్చేటప్పుడు చూద్దువుగాని," అంటుండగానే మైకు మోగింది. పరదాలు చకచకా ముడుచుకుపోయాయి. గుంపు ఒక్కసారిగా వెనక్కి జరిగింది. ఎవరి మోచెయ్యో బుట్టకి తగిలింది. బుట్ట చేతిలోంచి జారి నేల మీద బోర్లా పడింది. మూత పట్టుకునున్న పేము ఉచ్చు టపుక్కున తెగింది.

తెల్లటిదేదో కాళ్ళ సందుల్లోంచి దూసుకుపోయింది.

సాయ్‌పిన్ తేరుకునేసరికి సామ్లీ పట్టాల నడుమ ఉంది. వంద కాళ్ళు చుట్టుముట్టి ఉంటే ఖాళీగా ఉన్న చోటు అదొక్కటే మరి. చెక్కదిమ్మె మీద నక్కి కూర్చుంది. దూరంగా, స్టేషను మలుపు దగ్గర, రైలు కూత వినిపించింది. జనమంతా అటు చూశారు. సామ్లీ చూడలేదు.

"పిల్లి, పిల్లి," అని కేకలు లేచాయి. "హోయ్, లే, పో," అని మిరపకాయల వాడు అరిచాడు. ఎవరెంత అరిస్తే ఏం లాభం. రొయ్యల తట్ట దగ్గరున్న ఒకతను ఒక్క ఉదుటున చెయ్యి చాచాడు. పిల్లి బెదిరి, రైలొచ్చే వైపుకే నాలుగు గెంతులు గెంతి, మళ్ళీ ఆగింది.

"ఎవరూ కదలొద్దు," అంది సాయ్‌పిన్. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "దాన్ని తరమొద్దు. నేను పిలుస్తా."

అప్పుడే పట్టాలు వణకడం మొదలైంది. సామ్లీ పాదాలకి ఆ వణుకు తెలిసింది. పారిపోలేదు. లేచి కుదురుగా కూర్చుని, తోక కాళ్ళ చుట్టూ చుట్టుకుని, తల ఎత్తి అటూ ఇటూ చూసింది.

సాయ్‌పిన్‌కి అప్పుడర్థమైంది. కింద వణికితే ఎవరో తనని పిలుస్తున్నారని కదా దానికి నేర్పింది. అది రైలుకి భయపడటం లేదు. సాయ్‌పిన్ కోసం వెతుకుతోంది. తను ఇన్నాళ్ళూ చిటికెడు చిటికెడు చేప పెట్టి నేర్పిన పాఠమే దాన్ని పట్టాల మీద కూర్చోబెట్టింది.

ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. అది వెతుకుతోంది. అంటే తను కనబడితే చాలు.

గుంపులో తను కనబడదు. చుట్టూ తలలు, ఎత్తిన చేతులు, ఫోన్లు. "అక్కా, నన్ను పైకెక్కించు," అంది. కిమ్ అక్క వెంటనే ఐసు పెట్టె ముందుకి లాగి, చేప నీచు చేతులతోనే సాయ్‌పిన్ నడుము పట్టుకుని పైకి తోసింది. పరదాలన్నీ ముడిచి ఉన్నాయి. బజారు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దారి తెరిచినట్టుగా ఉంది. ఆ దారి చివర రైలు పసుపు ముఖం మలుపు తిరిగి కనిపించింది. మెల్లగానే వస్తోంది. ఎంత మెల్లగా వచ్చినా పిల్లిని చూసి ఉన్నచోటే ఆగే బండి కాదది.

సాయ్‌పిన్ చేతులు బార్లా చాపి గుండెకి లాక్కుంది.

సామ్లీ చూపు ఇటు రాలేదు. మిరపకాయల మీద ఆగింది, ఎవరిదో ఎర్ర గొడుగు మీద ఆగింది. రైలు ఇంకోసారి కూసింది. సాయ్‌పిన్ కాళ్ళు కిందికి దూకేయమంటున్నాయి. దూకితే? ఇంట్లో తను పరుగెత్తుకొస్తే అది ఆటనుకుని ముందు పరుగెడుతుంది. ఇక్కడ దాని ముందున్నది రైలు. పళ్ళు బిగబట్టి నిలబడింది. మళ్ళీ చాపింది, మళ్ళీ లాక్కుంది. భుజాలు ఊడొస్తాయేమో అన్నంత పెద్దగా. పక్కన కిమ్ అక్కకి ఏమర్థమైందో గానీ, తనూ చేపల తట్ట వదిలేసి అలాగే చేతులు చాపి లాక్కోసాగింది. మిరపకాయల వాడూ మొదలుపెట్టాడు. రొయ్యల తట్ట అతనూ. పట్టాల ఆ వైపున వరసగా అందరూ ఎవరో రానివాళ్ళని రమ్మంటున్నట్టు చేతులు ఊపుతున్నారు.

అన్ని చేతులు కదిలేసరికి సామ్లీ ఇటు తిరిగింది. నీలికన్ను, పసుపుకన్ను ఆ వరస మీదుగా జరుగుతూ వచ్చి, దాటిపోయి, వెనక్కొచ్చి సాయ్‌పిన్ మీద నిలిచాయి.

సాయ్‌పిన్ ఈసారి చిన్నగా, ఇంట్లో చేసినట్టే, అరచేతులు గుండెకి ఆనించుకుంది.

సామ్లీ లేచింది. పట్టాల నడుమే వెనక్కొచ్చి, దారిలో పట్టాని ఆనుకుని ఉన్న కిమ్ అక్క చేపల తట్ట దగ్గర ఆగి వాసన చూసింది. "ఇప్పుడా నీకు తిండి," అని కిమ్ అక్క ఏడుపు గొంతుతో అంది. పిల్లి మూతి తిప్పుకుంది. పట్టా మీంచి గెంతింది. ఐసు పెట్టె అంచుకి ఒక గెంతు, అక్కడినుంచి సాయ్‌పిన్ రొమ్ము మీదికి ఒక గెంతు. గోళ్ళు జాకెట్లోంచి భుజంలోకి దిగాయి. కిమ్ అక్క ఇద్దర్నీ కలిపి వెనక్కి లాగేసింది. రైలు వాళ్ళ ముందు నుంచి గాలి చరుస్తూ, తట్టల పక్కగా, పెట్టె తర్వాత పెట్టె, సాగిపోయింది.

చివరి పెట్టె దాటాక బజారంతా చప్పట్లు. సాయ్‌పిన్ పిల్లిని గుండెకి అదుముకుంది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలీదు. సామ్లీ గుండె ఆమె అరచేతి కింద టకటకా కొట్టుకుంటోంది. ఆమెదీ అంతే.

"తరతరాలుగా చేపలమ్ముతున్న కుటుంబం మాది," అంది కిమ్ అక్క ముక్కు చీదుకుంటూ. "నా తట్ట వాసన చూసి వదిలేసి పోయిన పిల్లిని ఇప్పుడే చూడటం. ఇదిగో, మంచిది ఏరి ఇస్తున్నా, దానికే పెట్టు. నువ్వు తినకు."

బుట్ట పనికిరాదు కనుక కిమ్ అక్క తన చేపల గుడ్డలోనే పిల్లిని చుట్టి ఇచ్చింది. అలా మూటలా గుండెకి హత్తుకుని సాయ్‌పిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. వెనక్కి తిరిగి ఇంటికి పోదామని ఒక్క క్షణం అనిపించింది గానీ, వచ్చిన పని వచ్చినట్టు చేసుకునే పోవాలనుకుంది. డాక్టరమ్మ సూది వేస్తుంటే సామ్లీ కిక్కురుమనలేదు. చేపల గుడ్డలోంచి తల బయటపెట్టి ఆ వాసన పీలుస్తూ ఉంది.

జరిగిందంతా విని డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "తల్లీ, నేర్పింది మంచిదే. సగమే నేర్పావు. వణుకు తెలిస్తే నీకోసం వెతుకుతోంది, బాగుంది. నువ్వు కనబడకపోతే ఏం చెయ్యాలో దానికి తెలీదు. కనబడకపోతే వెళ్ళి దాక్కోవడానికి దానికో సొంత చోటు ఉండాలి. బుట్టే ఆ చోటు చెయ్యి. మూత తీసి ఇంట్లోనే పెట్టు, అందులోనే తిండి, అందులోనే పడక. బయటికి తెచ్చినప్పుడు నడుముకి పట్టీ."

సాయ్‌పిన్ ఒక్కో మాటకీ తల ఊపింది. దార్లోనే పట్టీ కొంది.

ఇంటికెళ్ళేసరికి ప్రయూన్ రెండో మూకుడు పాకం తిప్పుతున్నాడు. "సూదికి ఏడ్చిందా?" అన్నాడు. సాయ్‌పిన్ పాక గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టింది. బుట్ట జారడం, పేము తెగడం, రైలు కూత. ఐసు పెట్టె ఎక్కడం దగ్గరికి వచ్చేసరికి తనకి తెలీకుండానే పాకలో ఉన్న పీట ఎక్కి చేతులు చాపింది. అత్తగారు నమలడం ఆపేసింది. ప్రయూన్ తెడ్డు ఆగిపోయింది.

"తర్వాత?"

"చేప వాసన చూసింది."

"అప్పుడా?" అన్నాడు ప్రయూన్ నెత్తి పట్టుకుని.

పాకం మాడిన వాసన ముందుగా అత్తగారికి తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది. మూకుడంతా నల్లగా, చేదుగా అయిపోయింది. ప్రయూన్ దాన్ని కాలవ గట్టున పారబోశాడు. "నన్ను కూడా తీసుకెళ్ళాల్సింది," అని అత్తగారు ఆ సాయంత్రమంతా సణిగింది. "ఇన్నేళ్ళు ఆ బజారుకి పోయాను, ఒక్కనాడైనా ఏం జరగలేదు."

మర్నాటి నుంచీ కొత్త పాఠం. మూత తీసిన కొత్త బుట్ట గది మధ్యలో పెట్టారు. మొదటిరోజు సామ్లీ చుట్టూ తిరిగింది. రెండోరోజు ముందుకాళ్ళు లోపల పెట్టింది. మూడోరోజు సాయ్‌పిన్ నీళ్ళు తోడుకుని వచ్చేసరికి అత్తగారు నోటిమీద వేలేసుకుని, చప్పుడు చెయ్యొద్దన్నట్టు సైగ చేస్తోంది, చెవిటి పిల్లి కోసం. బుట్టలో తెల్లగా ఒక ముద్ద. నీలికన్ను తెరిచి ఒకసారి చూసి, మళ్ళీ మూసుకుంది.

సాయ్‌పిన్ నీళ్ళ బిందె అక్కడే దించి, అత్తగారి పక్కన నేల మీద చతికిలబడింది. పొయ్యి వెలిగించాల్సిన వేళ దాటిపోతున్నా ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు.